పెట్టెలోంచి తీసిన బూట్లు

రోజూ పొద్దున్నే నిడదవోలు కాలవగట్టు మీద మా పక్కింటి టీచరమ్మ పరుగులో నన్ను దాటేసి, వెనక్కి తిరిగి నవ్వేది. రాజమండ్రిలో పది కిలోమీటర్ల పరుగు పందెం నాడు, పండక్కి కొత్త చీర తీసినట్టు పెట్టెలోంచి కొత్త బూట్లు తీసి తొడుక్కుంది.

“ఎలా ఉన్నాయక్కా?”

“బ్రహ్మాండంగా ఉన్నాయండి.”

ముందు కొన్నాళ్ళు వాడకుండా పందేనికి తొడిగిన బూట్లు మడమలు కోసేస్తాయని నాకు తెలుసు. ఒక్కసారైనా ఆవిడకంటే ముందు చేరాలనుంది, అందుకే చెప్పలేదు.

ఆరో కిలోమీటరు దగ్గర నెత్తురు కారుతున్న మడమ పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది. “కాస్త ఆగండక్కా!”

“టైము పోతుంది టీచరు గారూ,” అని సాగిపోయాను.

పతకంతో నేను తిరిగొచ్చాక ఆవిడ అడిగింది: “కొత్తవి వేసుకోకూడదని మీకూ తెలీదా అక్కా?”

“తెలుసండి. చెబితే మళ్ళీ దాటేసేవారుగా!”

ఆ తర్వాత ఆవిడ గట్టు మీదికి రాలేదు. పిలవడానికి నేనూ వెళ్ళలేదు.