నాయన చేతి వణుకు

మొన్న అనంతపురంలో నరాల డాక్టరమ్మ నా చేతులు ముందుకు చాపమని, తర్వాత ఒళ్లో వదులుగా పెట్టుకోమని, ఒక గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి వంపమని, కాగితం మీద నత్తగుల్లలాగా చుట్లు గీయమని చెప్పి, అటూ ఇటూ నడిపించి చూసి, ఇది మీరు భయపడిన పార్కిన్సన్స్ కాదు పెద్దాయనా అన్నప్పుడు, రాయదుర్గంలో ఏళ్ల తరబడి జీన్సు గుడ్డ కత్తిరించిన నా చేతుల వంక నేనే కొత్తగా చూసుకున్నాను. ఆ జబ్బులో చెయ్యి ఊరకే ఉన్నప్పుడు వణుకుతుందట, ఒళ్లు బిగుసుకొని మనిషి నిదానిస్తాడట. నాది ఒళ్లో నెమ్మదిగా ఉండి, పనికి లేచినప్పుడే వణికే రకమట, చాలామందికి వంశంలో వస్తుందట.

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్ల ఉండిందా?" అని ఆమె అడిగింది.

ఉండింది. మా నాయనకు.

బెళుగుప్ప దగ్గర మా శెనక్కాయ చేన్లో గొర్రు పట్టినప్పుడు ఎవరి కంటా పడని ఆ వణుకు, మజ్జిగ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చేసరికి బయటపడేది. అమ్మ చూపించిన డాక్టరు నరాల బలహీనత అని ఎర్రటి టానిక్కు రాసిచ్చినాడు, ఇంకెవరో తాయెత్తు కట్టినారు, ఏదీ పనిచేయలేదు. అక్క పెండ్లిలో అల్లుని కాళ్లు కడగడానికి నాయన చెంబెత్తినప్పుడు, అంతమంది చూపు ఆయన చేతి మీదే ఉండేసరికి వణుకు ఇంకా ఎక్కువై, నీళ్లు కాళ్ల మీద కాక పెండ్లికొడుకు పంచె మీద పడినాయి. అల్లుని చిన్నాయన అందరికీ వినపడేట్టు అన్నాడు:

"ఏమప్పా, బిడ్డ పెండ్లికి గూడా ఏసుకొనే వచ్చినావా?"

సారాయి వాసన కూడా పడని మనిషి మా నాయన. అమ్మ తన చెయ్యి ఆయన మణికట్టు కింద పెట్టి ఆ కాస్తా కానిచ్చింది.

ఆ తర్వాత ఆయన ఎవరి పంక్తిలోనూ కూర్చోలేదు. గోడవైపు తిరిగి ఒక్కడే సంగటి తినేవాడు. అక్క అత్తగారింటి గడప తొక్కలేదు, అక్క బిడ్డను ఒళ్లో పెట్టబోతే చేన్లో పనుందని లేచిపోయేవాడు. పోయేదాకా అట్లనే బతికినాడు.

ఇదంతా చెప్తే డాక్టరమ్మ, ఈ రకం వణుకు చాలామందికి ఒక గుక్క సారాయి పడితే కాసేపు అణుగుతుందని, అట్ల అలవాటుపడి చెడిపోయినవాళ్లూ ఉన్నారని చెప్పింది. అంటే ఆ పొద్దు నాయన నిజంగా తాగి వచ్చుంటే ఆ చెంబు నిలకడగా నిలిచేదేమో. ఆ మాట విని నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

ఆయాసం, ఉబ్బసం లేవని అడిగి తెలుసుకొని, థైరాయిడుకు రక్తం చూపించి, చిన్న మాత్ర రాసిచ్చింది. పూర్తిగా పోదు, తగ్గుతుంది, కాఫీ తగ్గించుకోండి అంది. తగ్గింది కూడా. రాయదుర్గం ఇంట్లో నేనొక్కణ్ణే కూర్చొని తింటుంటే ముద్ద నోటిదాకా పోతాంది, చూసి సంతోషపడేవాళ్లే ఎవరూ లేరు.

ఇప్పుడు ఆ వణుక్కు పేరుంది, మందుంది, నలుగురిలో సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చు. కానీ పెండ్లిలో ఆ మాట అన్నాయనా లేడు, విని నమ్మినవాళ్లూ లేరు, దానికి కుమిలిపోయిన అమ్మా అక్కా కూడా లేరు. ఇది చదివే నా ఈడువాళ్లారా, మీకైనా చెప్పుకుంటాను: మా నాయన ఆ పొద్దు తాగలేదు.