రెండో పడక

గల్ఫ్‌లో ముఐథర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నతను ఎడారి క్యాంపుల్లో పడకలుండే కారవాన్ బండ్లు కడుగుతాడట. గోదావరి నడుమ లంకలో ఉన్న పార్కుకి అలాంటి బండిలోనే వెళ్తానంటూ ఫోన్లో బొమ్మలు చూపించాడు.

"రెండు పడకలుండాలె అన్నా. ఒక్క రాత్రి ఆడ ఉంటం."

"ఎవరెవరు?"

"నేను, మా ఆమె. శానా రోజులసంది అడిగేది. ఎండకాలంల సచ్చిపోయింది. కంపెనీ ఇంకా లీవిస్తలేదు. నేనొచ్చి గోదాట్ల కలుపుతనంటే, మా తమ్ముడు అస్థికల కుండ చెట్టుకు కట్టి ఉంచిండు."

అతను దిగబోతూ ఆగాడు.

"అస్థికలు ఇంట్లకు తేవద్దంటరు. బండి ఇల్లు కాదు గద అన్నా?"

"కాదు," అన్నాను.

అతనికి లీవు దొరికిందో లేదో తెలియదు. ఎక్కడ కారవాన్ కనపడినా నాకు ఆ రెండో పడకే గుర్తొస్తుంది.