మేస్త్రి అంటే మగాడేనా?

ఈ రోజు ఆటోనగర్‌లో మా షెడ్డుకి జాలరిపేట నుంచి ఒక పెద్దాయన అరిగిపోయిన పడవ ఇంజను షాఫ్టు పట్టుకొచ్చాడు. నేను లేతు మిషను దగ్గర ఉన్నాను.

“మేస్త్రి ఏడమ్మా?”

“నానే మేస్త్రిని, బాబాయ్.”

“నువ్వు కాదమ్మా, మగ మేస్త్రి!”

ఐటీఐ పాసై ఆరేళ్లుగా ఈ షెడ్డు నడుపుతున్నది నేనేనని చెప్పినా నమ్మలేదు. ఒళ్లు మండింది. అయినా కొత్త షాఫ్టు చేసి చేతికిచ్చాను. దాన్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాడు.

“బాగా సేసేవు, మేస్త్రమ్మా!” అన్నాడు.

హమ్మయ్య అనుకునేలోపే, “మీ ఆయన బాగా నేర్పేడు,” అని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

నాకింకా పెళ్లే కాలేదు! ఊళ్లో స్టీలు ప్లాంటు లేస్తోంది గానీ, మేస్త్రమ్మంటే ఇంకా మేస్త్రి పెళ్లామే. నన్నేమని పిలవాలో మీరైనా చెప్పండి.