ఫొటో తీసినవాళ్ళు మాట్లాడకూడదు

మా ఫొటో క్లబ్బులో ఒక నియమం ఉండేది. బ్లాక్‌బోర్డు స్టాండు మీద ఎవరి ఫొటో పెడితే వాళ్ళు ఆ పావుగంటా నోరు తెరవకూడదు. మిగతావాళ్ళు మాట్లాడతారు. ముందు ఒక మంచి మాట, తర్వాత లోపం, చివర ఆ లోపాన్ని ఎలా సరిచేసుకోవాలో ఒక సలహా. ఫొటోయే మాట్లాడాలి, తీసినవాళ్ళు పక్కన నిలబడి వివరించుకోకూడదు అనేవారు పెద్దసారు. ఆయన మిలిటరీలో రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. క్లబ్బుకి ఆయన మాటే ఆఖరి మాట.

చేరిన కొత్తలో ఆ నియమం నాకోసమే పెట్టారేమో అనిపించింది. నలుగురి ముందు లేచి నిలబడితే చెమటలు పట్టే మనిషిని నేను. అలాంటిది, మాట్లాడొద్దని రూలు పెట్టిన చోటు దొరికింది. ఇప్పుడు తల్చుకుంటే అన్నిటికన్నా ఎక్కువ కోపం ఆ నియమం మీదే.

నెలకి ఒకసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, పద్మారావు నగర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక స్కూలు గదిలో చేరేవాళ్ళం. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మావయ్య వాడి వదిలేసిన కెమెరా భుజానికి తగిలించుకుని వెళ్ళేదాన్ని. పదిపన్నెండు మంది మగవాళ్ళ మధ్య ఆడపిల్లని నేనొక్కదాన్నే. దస్తూరి బాగుంటుందని రిజిస్టరు నా చేతికిచ్చారు. ఎవరి ఫొటో గురించి ఎవరేమన్నారో అందులో రాయాలి. నిజంగా ఏమన్నారో ఇంటికొచ్చి నా డైరీలో రాసుకునేదాన్ని. బ్యాంకులో పనిచేసే ఒకాయన ప్రతి నెలా హుస్సేన్‌సాగర్ మీద సూర్యోదయమే తెచ్చేవాడు. ప్రతి నెలా ఎవరో ఒకరు "టోన్స్ బాగున్నాయి" అనేవారు. అదీ మంచి మాట. మా అమ్మమ్మకి మాత్ర అరటిపండు ముక్కలో పెట్టి ఇచ్చేవాళ్ళం. ఆవిడ పండు తిని మాత్ర ఉమ్మేసేది. మంచి మాట పుచ్చుకుని లోపం ఉమ్మేసే ఆ తెలివి మా క్లబ్బులో ఒక్కరికీ లేదు, నాకు అసలే లేదు.

నా ఫొటో సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ ఎడమచెయ్యి గురించి చెప్పాలి. అమ్మకి బొల్లి. నాకు ఊహ తెలిసేసరికే బొటనవేలు మొదలు మణికట్టు దాటి తెల్లగా పాకింది. ఎంత ఎండాకాలమైనా నిండు చేతుల జాకెట్టే వేసుకునేది. చర్చిలో పాటల పుస్తకం కుడిచేత్తోనే పట్టుకునేది, ఎడమచెయ్యి కొంగు కింద ఉండేది. అది కనబడినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక నూనె పేరో, ఒక ప్రార్థన కూటం పేరో చెప్పేవారు. అమ్మ ఒకటో తరగతి టీచరు. ఒకసారి ఒక పిల్ల సుద్దపొడి అనుకుని తన గౌను అంచుతో ఆ చెయ్యి తుడవబోయిందట. ఇది అమ్మ నవ్వుతూనే చెప్పింది. కానీ పెళ్ళయ్యాక తీయించుకున్న ఒక్క ఫొటో తప్ప అమ్మ ఉన్న ఫొటో మా ఇంట్లో లేదు. కెమెరా బయటికి తీస్తే చాలు, అమ్మకి వంటింట్లో పని గుర్తొచ్చేది.

ఒక సాయంత్రం అమ్మ పెరటి మెట్ల మీద అమ్మమ్మకి తల దువ్వుతోంది. ఎండ పక్కనుంచి పడుతోంది. నేను కెమెరా తీశాను. "నా మొహం పడిందో చూడు" అంది అమ్మ, దువ్వడం ఆపకుండా. అందుకని మణికట్ల వరకే వచ్చేలా తీశాను. వంచిన అమ్మమ్మ తల, విప్పిన తెల్లజుట్టు, దువ్వెన పట్టుకున్న ఒక చెయ్యి, ఫొటో అంచు దగ్గర జుట్టు పట్టుకున్న రెండో చెయ్యి, ఎడమది. నలుపు తెలుపు ఫిల్ము. ప్రింటు వచ్చాక క్లబ్బుకి తీసుకెళ్ళనా అని అడిగాను.

"మచ్చ పడిందా?" అంది.

"పడింది."

ప్రింటు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. "సరే, ఉండనీ" అంది. వెంటనే పప్పులో ఉప్పు వేశానా అని నన్నే అడిగింది. 'సరే, ఉండనీ' అన్న ఆ రెండు మాటల వెనక ఎన్నేళ్ళు ఉన్నాయో నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో ఇప్పుడు చెప్తాను.

ఆ ఆదివారం నా ఫొటో స్టాండు ఎక్కింది. అమ్మమ్మ జుట్టులో వెలుతురు బాగుందన్నారు, నిజంగానే మెచ్చుకున్నారు. నా చెవులు వేడెక్కాయి. తర్వాత బ్యాంకాయన, అంచున ఆ తెల్లటి మచ్చ ఏమిటి, నెగటివ్ మీద దుమ్మా అన్నాడు. ఇంకొకాయన కాదు, ఎండ ఎక్కువ పడి అక్కడ మాడిపోయింది అన్నాడు. పెద్దసారు స్కేలు కొసని అమ్మ చేతి మీద ఆనించారు. "ఫొటోలో ఎక్కడ ఎక్కువ తెలుపుంటే కన్ను అక్కడికే పోతుంది. అంచున ఇలాంటిది ఉంటే ఫొటో చెడిపోయినట్టే. ఇది తీసేస్తే వచ్చే ప్రదర్శనలో పెట్టొచ్చు" అన్నారు. అందరూ తలలూపారు. పావుగంటా ఆ మచ్చ గురించే మాట్లాడారు. ఎవరూ దుర్మార్గంగా మాట్లాడలేదు. అంత మర్యాదగా, అంత ఓపిగ్గా, మా అమ్మ చెయ్యిని ఎలా బాగుచెయ్యాలో నాకు నేర్పారు. నేను తల వంచుకుని రిజిస్టరులో రాశాను: "మచ్చ తొలగించిన పక్షంలో ప్రదర్శనకు అర్హం." నా దస్తూరితోనే. చివర చుక్క కూడా పెట్టాను.

పావుగంట అయిపోయాక చెప్పొచ్చు. నియమం అంతవరకే. చెప్పలేదు. ఇంటికెళ్ళాక ఏమన్నారే అని అమ్మ అడిగితే బాగుందన్నారు, ప్రదర్శనలో పెడతారట అన్నాను. ఆ రాత్రి డైరీలో మాత్రం రెండు పేజీలు నిప్పులు చెరిగాను.

ప్రదర్శన ప్రింట్లన్నీ రాంగోపాల్‌పేట్‌లో పాత స్టూడియో నడిపే పెద్దాయన వేసేవాడు. ఆయనా మా క్లబ్బు సభ్యుడే, మెత్తటి మనిషి. నెగటివ్ తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు "ఉన్నది ఉన్నట్టు వెయ్యండి" అనాలని బస్సులో పదిసార్లు అనుకున్నాను. ఆయన నెగటివ్ దీపానికెత్తి చూసి, "గా మచ్చ సంగతి నువ్వు పరేషాన్ గాకు బిడ్డా, టచింగ్‌ల నేను జూస్కుంట" అన్నాడు. నేను అలాగేనండి అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. అంత సన్నటి కుంచె పని ఈ వయసులో ఏం చేస్తాడులే, మర్చిపోతాడులే అని సర్దిచెప్పుకున్నాను.

మర్చిపోలేదు. ప్రదర్శన రోజు అమ్మ స్కూలు నుంచి నేరుగా హాలుకి వచ్చింది. ఇస్త్రీ చీర, జడలో పూలు. నేను అమ్మతోపాటే నా ఫొటో దగ్గరికి నడిచాను. అట్టకి అంటించిన పెద్ద ప్రింటు, అద్దం లేదు. అమ్మ రెండు చేతులూ ఒకే రంగులో ఉన్నాయి. సిరాలాంటి రంగుతో చుక్కచుక్కగా నింపాడు. ఎంత శ్రద్ధగా నింపాడంటే చర్మం ముడతలు కూడా గీశాడు.

అప్పటిదాకా బయటే ఉన్న అమ్మ ఎడమచెయ్యి కొంగు కిందికి వెళ్ళింది. తర్వాత, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా, "నువ్వే తీసెయ్యమన్నావా?" అంది.

నేను కాదన్నాను. అమ్మ సరేలే అన్నట్టు తలూపింది. నమ్మలేదు. నమ్మకపోవడం ఒక ఎత్తు, నన్ను క్షమించేసినట్టు ఆ తలూపడం ఒక ఎత్తు. అప్పుడు నాకొచ్చిన కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

పెద్దసారూ స్టూడియో పెద్దాయనా వాకిలి దగ్గర టీ తాగుతున్నారు. నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఆ చెయ్యి మా అమ్మది సార్. ఆ మచ్చ కూడా మా అమ్మదే. ఎవరు తీసెయ్యమన్నారు?"

పెద్దసారు కప్పు కింద పెట్టారు. నా వెనక నిలబడ్డ అమ్మని చూశారు. మొహం ఎర్రబడింది. "మాకెలా తెలుస్తుందమ్మా? ముందే చెప్పాల్సింది" అన్నారు.

"మాట్లాడకూడదన్నారు కదా సార్."

ఆయన ఇంకేదో అన్నారు. తెలియక జరిగిందన్నారు, ఫొటోగా చూస్తే మాత్రం కన్ను అక్కడికే పోతుందని కూడా అన్నారు. ఆ స్థితిలో కూడా అది అనకుండా ఉండలేకపోయారు. "పోనివ్వండి" అన్నాను. హాలులో సగం మంది మావైపు తిరిగారు. నేను తల దించలేదు.

స్టూడియో పెద్దాయన దూదీ గ్లాసుతో నీళ్ళూ తెచ్చాడు. ఆ రంగు నీళ్ళకి కొంత వదులుతుందట. ప్రింటు దించి బల్ల మీద పెట్టి తడి దూది అద్దబోయి ఆగాడు. "ఏడిదాక ఉండె బిడ్డా? నాకు యాది లేదు" అన్నాడు. నాకు చెప్పడం చేతకాలేదు. రోజూ చూసే చెయ్యి, దాని అంచులు ఎక్కడున్నాయో నాకూ తెలియదని అప్పుడే తెలిసింది.

అమ్మ ముందుకొచ్చింది. కొంగు కింది చెయ్యి తీసి ప్రింటు పక్కన, బల్ల మీద పరిచింది. "ఇదిగోండి, ఇంతవరకు" అంది.

చుట్టూ మనుషులు. ట్యూబులైటు వెలుగు. ఆయన అమ్మ చెయ్యి చూస్తూ, ప్రింటు చూస్తూ, దూది మారుస్తూ చాలాసేపు తుడిచాడు. అమ్మ చెయ్యి కదపలేదు.

రంగు మొత్తం పోలేదు. బొటనవేలి దగ్గర బూడిదరంగు మరక ఉండిపోయింది. తర్వాతి రెండో ఆదివారం రిజిస్టరు పంపించేశాను, నేను వెళ్ళలేదు. ఆ ప్రింటు ఇప్పుడు మా ముందు గదిలో ఉంది, అమ్మే మేకు కొట్టించింది. ఇంటికొచ్చినవాళ్ళు దాని ముందు ఆగి అమ్మ చేతివైపు ఒకసారి, ఫొటోవైపు ఒకసారి చూస్తారు. అమ్మ వేలితో ఆ బూడిదరంగు మరక చూపిస్తుంది.

"అదొక్కటే నాది కాదు. అది వాళ్ళు పెట్టింది" అంటుంది.