మీరావలి మాస్టారి ‘గారు’

మీరావలి మాస్టారు మనిషినీ మేకనీ ఒకే ‘గారు’తో పిలుస్తారన్న సంగతి రేపల్లె మొత్తానికి తెలుసు, ఎందుకు పిలుస్తారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. తెలియని చోట కథలు పుట్టడం లోకరీతి. ఆయన పూర్వులు నవాబుల కొలువులో వంగి వంగి సలాములు చేసినవారని తెనాలిలో చెప్పుకున్నారు. నిజానికి వారు బాపట్ల ఇసుకనేలల్లో తరతరాలుగా వేరుశనగ పండించినవారు. భార్యకు జడిసి నోటికి అలవాటైందని బాపట్లలో అన్నారు. ఆ ఇల్లాలి మాట పక్కగదిలోకే వినబడదు. తియ్యగా మాట్లాడి తమ మతంలో కలుపుకొనే ఎత్తుగడ అని రేపల్లెలో కొందరు గుసగుసలాడారు. ఇన్నేళ్ళలో ఆయన ఎవరినీ కలుపుకొన్న దాఖలా లేదు. మేకనైతే అసలే లేదు.

ఆయన పనిచేసే బడికి హెడ్మాస్టరు పూర్ణచంద్రరావుగారు. ఇంగ్లీషు మీడియంలో చదివి, రుజువు లేనిదే తన తుమ్మునైనా నమ్మని మనిషి. పై మూడు వదంతులనూ ఆయన కొట్టివేశారు. ‘పిచ్చి’ అన్న నాలుగోదాన్ని మాత్రం విచారణలో ఉంచారు.

ఉంచడానికి కారణాలున్నాయి. తెలుగు పాఠం మధ్యలో కాకి వచ్చి కిటికీ మీద వాలితే మాస్టారు చేతులు జోడించేవారు. “కాకిగారూ, తమరు కాస్త అవతల అరవండి. ఇక్కడ సంధి జరుగుతోంది.” బజారులో మేక పంచె అంచు నమిలితే, “మేకగారు ఇవాళ టిఫిన్ చేయలేదల్లే ఉంది” అని పక్కకు తప్పుకునేవారు. బస్టాండులో “తెనాలి బస్సుగారు వచ్చారా అండి?” అని అడిగితే, కండక్టరు కూడా మర్యాదగానే, “వచ్చారు గానీ, టైరుగారు పంచరయ్యారండి మాస్టారూ” అనేవాడు. పిల్లలు ఆయనకు ‘మీరూవలి’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆయన, “సవర్ణదీర్ఘం లేకపోయినా అందంగా ఉందండి” అని మెచ్చుకున్నారు.

ఒకనాడు స్టాఫ్‌రూములో లలిత టీచరు పట్టుకుంది.

“అది కాదండీ మాస్టారూ, కుర్చీని కూడా మీరు అంటారు. దేవుడి దగ్గరికొచ్చేసరికి నువ్వు అంటారేంటండీ?”

“అల్లా ఒక్కడే కదమ్మా. ఆయనకు తల్లిదండ్రులు లేరు, సంతానం లేదు, సాటి లేదు. గౌరవానికని బహువచనం పెట్టి లెక్క తప్పడం నా వల్ల కాదు. ‘నువ్వు’ని ఆయన ఒక్కడి కోసం దాచుకున్నాను. మిగిలిన వాళ్ళకి ‘మీరు’ తప్ప నా దగ్గర ఇంకోటి లేదండి.”

“మరి ప్రవక్తగారో?”

“చూశారా, మీరే గారు అన్నారు! ప్రవక్తలంతా మనుషులేనమ్మా. దేవుడి మాట తెచ్చినవారు. ప్రతి జాతికీ వచ్చారని మా నమ్మకం. గౌరవిస్తాం గానీ పూజించం.”

“మరి ఆ నమాజులో వరసలు...”

“ముందొచ్చినవారు ముందు. ఆలస్యమైతే కలెక్టరుగారైనా సరే వెనకే. భుజానికి భుజం ఆనించి నిలబడాలి. ఇక తీర్పు రోజంటారా, ఎవరి జవాబుపత్రం వారిదే. పక్కవారిది చూసి రాయడం కుదరదు. మన పిల్లలకి ఆ పరీక్ష కష్టమేనండి!”

పక్క కుర్చీలో వింటున్న పూర్ణచంద్రరావుగారికి నవ్వు రాబోయింది, ఆయన అనుమతించలేదు.

పంతొమ్మిది వందల తొంభై మూడు వేసవిలో తెనాలి పెద్దలు ఒక సభ తలపెట్టారు. పేపర్లలో మతకల్లోలాల వార్తలు చదివి చదివి ఊళ్ళలో మనసులు బిగుసుకున్న రోజులవి. ఇస్లాం అంటే ఏమిటో అందరికీ తెలిసే తెలుగులో చెప్పించాలని, మాట్లాడే మనిషిని పంపే బాధ్యత పూర్ణచంద్రరావుగారి మీద పెట్టారు. ఆయన మీరావలి మాస్టారిని పిలిచి కచ్చితంగా చెప్పారు.

“సభలో ఆ గారు మానేయండి. ఈ రోజుల్లో మీ మతం నవ్వులపాలైతే ఆ పాపం నాది.”

“మరి మన కోటయ్యగారినండి?” కోటయ్య అంటే బెంచీలూ మైకూ చూసుకోవడానికి వెంట వస్తున్న బడి అటెండరు.

“అటెండరుకు గారేమిటండీ? కోటిగా అంటే పలకడా?”

మాస్టారు తల వంచుకున్నారు. “మీ ఆజ్ఞ.”

సభరోజు తెనాలి రైల్లో కోటయ్య హెడ్మాస్టరు ఎదుట నిలబడి చేతులు నలుపుకున్నాడు.

“అయ్యా, మాస్టారిని ఆ గారు మానమనకండయ్యా. ఇవాళ సభకి మా కొత్త వియ్యంకుడు అంగలకుదురు నుంచి వస్తన్నాడు. ఆయన ముందర నన్ను కోటిగా అంటే నా తల ఎక్కడ పెట్టుకోను?”

“దానికి కాకినీ మేకనీ గారు అనడమెందుకోయ్?”

“అదేనండి అసలు సంగతి. నేను చేరిన కొత్తల్లో మాస్టారు సార్లతో పాటు నన్నూ గారు అన్నారండి. ఇంక చూస్కోండి, సార్లూ పిల్లలూ ‘కోటయ్యగారూ, పల్లకీ తెమ్మంటారా’ అని ఒకటే ఎగతాళి. ఒరే అనండి బాబూ అని నేనే కాళ్ళమీద పడ్డా. ‘నమాజులో భుజాలు కలిపి, బయటికొచ్చి ఒరే అంటే అది నమాజెలా అవుతుందండీ’ అన్నారు. మర్నాటి నుంచి మేకకీ గారే, గొడుక్కీ గారే. నవ్వంతా ఆయన మీదికి పోయింది. నా గారు నాకు మిగిలింది.”

పూర్ణచంద్రరావుగారు తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశారు. విచారణ ముగిసింది.

సభలో మాస్టారు మాట నిలబెట్టుకున్నారు. ఉపవాసం గురించి చెప్పారు. జకాతు అంటే దయతలచి వేసే ధర్మం కాదు, ఉన్నవాడి సొమ్ములో లేనివాడి హక్కు అని చెప్పారు. ఎక్కడా గారు లేదు. ఉప్పు లేని పప్పులా సాగింది. ముందు వరసలో జనం ఆవలించారు. ఇంతలో మైకు కుయ్యోమని అరిచింది.

“కో...” అని మాస్టారు ఆగిపోయారు. బెదురుగా హెడ్మాస్టరు వైపు చూశారు. మూడో వరసలో తలపాగా సర్దుకుంటున్న అంగలకుదురు వియ్యంకుడూ చూశాడు. గోడవార నిలబడ్డ కోటయ్య కళ్ళు మూసుకున్నాడు.

బడిలో ఎన్నడూ నవ్వి ఎరగని పూర్ణచంద్రరావుగారు లేచి, గొంతు సవరించుకుని, వేదిక మీద నుంచి గట్టిగా అన్నారు.

“కోటయ్యగారూ! మైకుగారికి గొంతు పట్టేసినట్టుంది. తమరు వచ్చి ఒకసారి చూస్తారా?”

హాలు గొల్లుమంది. నవ్వు మైకు మీద పడింది, హెడ్మాస్టరు మీద పడింది. కోటయ్య మీద ఒక్క తుంపర కూడా పడలేదు. అతడు పెళ్ళిపెద్దలా నడిచి వచ్చాడు. వియ్యంకుడు పక్కవాడితో, “మా బావగారేనండి” అన్నాడు. ఆపైన మాస్టారికి ఊపు వచ్చింది. గ్లాసుగారు, ఫ్యానుగారు అందరూ ఉపన్యాసంలోకి దిగారు. జనం కదలలేదు.

ఆయన నవాబుల వినయం నేర్చినవాడు కాడు, భార్యకు భయపడినవాడు కాడు, మతం మార్చినవాడూ కాడు, పిచ్చివాడు అంతకన్నా కాడు. మీరావలి మాస్టారు చేసింది ఒకటే: ఒక మనిషికి దక్కవలసిన గారును దక్కించి, దాని తాలూకు నవ్వును తాను భరించారు. అందులో వాటా పూర్ణచంద్రరావుగారికీ వచ్చింది. తిరుగు రైలు ఆలస్యమైతే, “రైలుగారు ఇంకా బయలుదేరలేదా అండీ?” అని స్టేషనులో అడిగినది ఆయనే.