వదులు ముడులు

మేడ పోయింది, భూములు పోయాయి. మా వంశానికి మిగిలింది నాన్న తీసిన సినిమాలతో వచ్చిన పేరొక్కటే. ఆఖరి రెండూ ఆడలేదు. ఆయన మరొకటి తీస్తానంటే, కొత్తవలస స్టేషనులో కూర్చుని ఫోనులో గట్టిగానే చెప్పాను: "నాన్నా, ఈ వయసులో ఉన్న పేరు పోగొట్టకండి. ఇక చాలించండి."

పక్కన ఖాళీ చేపలబుట్టతో కూర్చున్నామె నావైపు తిరిగింది.

"మా మావకీ వయసైపోనాది బాబూ, సూపు ఆనదు. అయినా వల బాగుసేస్తాడు. ముడులన్నీ వదులే. ఆయన కునుకు తీసినప్పుడు మా ఆయన మళ్లీ బిగిస్తాడు."

"మానెయ్యమనొచ్చుగా?"

"మానేసి ఏటి సేస్తాడు? మీ నాన్నకి బిగించీవోలు లేరేటి?"

నేను నిటారుగా కూర్చున్నాను. రైలెక్కాక నాన్నకు మళ్లీ ఫోన్ చేసి, కథేమిటని అడిగాను.