వెనక గది కరెంటు

ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ వీధిలోకి వస్తే కూరగాయల బండివాళ్లు తక్కెడ ఒకసారి సరిచూసుకునేవాళ్లు. ఆమె నోరంటే అంత భయం. ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడు పోయిన ఏడాదే మరిది నరసింహులు భాగాలు పంచాలన్నాడు. శిరివెళ్ల దగ్గర నల్లరేగడి చేను పంచేటప్పుడు గట్టును ఆమె భాగంలోకి జరిపాడని కమలాక్షమ్మకు అనుమానం. పెద్దమనుషులందరి ముందూ అతన్ని దొంగ అంది. వారం తిరక్కుండా నరసింహులు మేస్త్రీని పిలిపించి, ఇంటి నడుమ గోడ పెట్టించాడు. వంటిల్లు రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తర్వాత ఆమె ఒంటరిగానే శనగ పండించింది, కూలీలతో అరిచింది, దళారులతో తగువు పెట్టుకుంది, కొడుకు వెంకటేష్‌ను చదివించింది. వాడిప్పుడు నంద్యాలలో విత్తనాల కంపెనీలో పని చేస్తున్నాడు. పొద్దున బస్సెక్కితే మళ్లీ పొద్దుగూకాకే ఇంటికి రావడం. కోడలు అమృత బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు విని సర్దిచెప్పడం ఆమె ఉద్యోగం.

ఇంటర్నెట్ పెట్టె ముందు గదిలో ఉంది. అమృత అక్కడే కూర్చుని మాట్లాడేది. ఒక రోజు కమలాక్షమ్మ వాకిట్లో పాలేరును తిట్టిన తిట్లన్నీ అవతల ఎవరో కస్టమర్ చెవిన పడ్డాయి. కంపెనీ వాళ్లు అమృతను హెచ్చరించారు. దాంతో వెనక గది ఖాళీ చేశారు. అది ఒకప్పుడు శనగ బస్తాలు వేసే గది. ఒక బల్బు, ఫ్యాను, పాత ఫ్రిజ్ తప్ప అందులో ఏమీ లేవు. కానీ మూరెడు మందం రాతిగోడలు దాటుకుని వైఫై అక్కడికి రాలేదు. వైరు లాగాలంటే దగ్గరి దారి నడిమి గోడ మీదుగానే. ఆ గోడను ముట్టుకోవడం కమలాక్షమ్మకు ఇష్టం లేదు.

నంద్యాలలో ఇంటర్నెట్ సామాన్ల దుకాణం నడిపే ఫయాజ్ దీనికి ఒక ఉపాయం చెప్పాడు. పవర్‌లైన్ అడాప్టర్లని రెండు చిన్న పెట్టెలు ఉంటాయి. ఒకటి ముందు గదిలో ప్లగ్గుకు పెట్టి ఇంటర్నెట్ పెట్టెకు కలపాలి, రెండోది వెనక గదిలో ప్లగ్గుకు పెట్టాలి. ఇంట్లో ఉన్న కరెంటు తీగల్లోనే ఇంటర్నెట్ పోతుంది. వెంకటేష్ కొనుక్కొచ్చాడు. ముందు గదిలో పచ్చ లైటు వెలిగింది, వెనక గదిలో ఎర్ర లైటే మిగిలింది. ప్లగ్గులు మార్చారు, తీసి పెట్టారు, పెట్టి తీశారు. ఎర్ర లైటు మారలేదు. ఈలోగా అమృతకు కంపెనీ నుంచి రెండో హెచ్చరిక వచ్చింది.

కమలాక్షమ్మ ఆ పెట్టెలు రెండూ సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కింది. దారి పొడవునా ఫయాజ్‌ను ఏమేం అనాలో కూడబెట్టుకుంటూనే ఉంది. దుకాణంలో నలుగురు గిరాకీలున్నా ఆగలేదు. సంచి బల్ల మీద బోర్లించి, పిల్లలాడుకునే బొమ్మలు అంటగట్టి మోసం చేశాడని మొదలుపెట్టింది. ఫయాజ్ ఆమె అరిచినంతసేపూ అరవనిచ్చాడు. తర్వాత పెట్టెలు రెండూ దుకాణంలోనే ప్లగ్గులకు పెట్టాడు. రెండింట్లోనూ పచ్చ లైటు వెలిగింది.

"సామాను బాగుండాదమ్మా. రెండు ప్లగ్గులూ ఒక మీటరు కిందనే ఉండాల. మీ ఇంట్లో ఇంకో మీటరుండాదేమో చూసుకోండి."

"మా ఇంటికి ఒకటే మీటరు. మా ఇంట్లో ఏముండాదో నువ్వు చెప్తావా నాకు?"

ఒకసారి మెయిను ఆపి చూడమన్నాడు. అతని గొంతులో కూడా విసుగు వచ్చేసింది. గిరాకీల్లో ఒకతను నవ్వు దాచుకోలేకపోయాడు. కమలాక్షమ్మ అతన్ని కూడా నాలుగు తిట్టి బయటికొచ్చింది.

ఇంటికొచ్చి, వాడి మాట అబద్ధమని తేల్చడానికే మెయిను ఆపింది. ముందు గదిలో ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది. వెనక నుంచి అమృత పిలిచింది.

"అత్తా, ఈడ ఫ్యాను తిరుగుతాంది."

కమలాక్షమ్మ వెళ్లి ఫ్యాను కింద నిలబడింది. పక్కన ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. గోడ కట్టి మీటర్లు వేరు చేసినప్పుడు ఈ గది తీగ మాత్రం నరసింహులు వైపే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఈ గదిలో వెలిగింది, తిరిగింది, చల్లబడింది అంతా అతని కరెంటుతోనే. అమృత ఏదో అడుగుతున్నా వినిపించలేదు.

చీర కొంగు దోపుకుని ఆ ఇంటికి నడిచింది. గోడ లేచాక ఆ వాకిలి తొక్కడం అదే మొదలు. నరసింహులు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమెను చూసి లేవలేదు, పేపరూ దించలేదు.

"మా వెనక గది కరెంటు నీ మీటరు మీద ఉండాది," అంది.

"ఉండాది."

"నీకు తెలుసా?"

"గోడ కట్టిన నాడే తెలుసు వదినా."

"మరెందుకు చెప్పలే?"

అప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నన్ను పదిమందిలో దొంగన్నావే. ఆ పదిమందికీ చెప్పినా, మా వదిన నా కరెంటు మీద బతుకుతాందని. నీకొక్కదానికే చెప్పలే."

కమలాక్షమ్మకు పెళ్లిళ్లలో తాను వచ్చి కూర్చోగానే ఆగిపోయిన మాటలు, పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్న చూపులు అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. తన నోటికి జడిసి ఊరుకుంటున్నారని అనుకుంది ఇన్నాళ్లూ.

ఈ రోజే ఆ తీగ తెంపిస్తానంది. మొదలు తన గోడలో ఉందని, మనిషిని పంపితే గడప తొక్కనివ్వనని అతనన్నాడు.

"ఉండనీ వదినా. నువ్వు వాడుకుంటాండు, నేను కడతాండా. నాకేం బరువా?"

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. ఇన్నేళ్ల బిల్లు లెక్కేసి ఇస్తామని వెంకటేష్‌తో చెప్పి పంపితే, నరసింహులు తలుపు కూడా తీయలేదు.

మరుసటి రోజు ఎలక్ట్రీషియన్ మత్తయిని పిలిపించింది. మొదలు దగ్గరికి పోలేడు కాబట్టి, వెనక గది బోర్డు విప్పి పాత తీగ కొసను అక్కడే తెంపి టేపు చుట్టాడు. ఆమె మీటరు నుంచి కొత్త వైరు నడిమి గోడ మీదుగా లాగాడు. పని ఇంకా సగంలో ఉండగానే నరసింహులు లైన్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. గోడ తనదని, దాని మీద ఎవరి వైరూ పోకూడదని చెప్పాడు. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చింది. కమలాక్షమ్మ నోరు తెరుస్తుందని అందరూ చూస్తున్నారు.

ఆమె వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. వీళ్లందరికీ తెలుసు. తెలిసే తన దగ్గర శనగలు కొన్నారు, తన ఇంటికి వచ్చి కాఫీలు తాగి వెళ్లారు. గోడ ఎవరిదో తేలేదాకా ఆగే ఓపిక ఆమెకు లేకపోయింది.

"తీసెయ్యప్పా," అంది మత్తయితో. "మిద్దె మీద నుంచి లాగు. ఎంత వైరైనా కానీ."

మత్తయి విసుక్కున్నాడు, దూరమన్నాడు, పాత మిద్దెకు కన్నం వేస్తే వానకు కారుతుందన్నాడు. ఆమె వినలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మిద్దె మీదే నిలబడి, చివరి క్లిప్పు కొట్టేదాకా కదల్లేదు. కింద తన పెరట్లో నరసింహులు కుర్చీ వేసుకుని తలెత్తి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పుకోలేదు.

సాయంత్రానికి వెనక గదిలో కూడా పచ్చ లైటు వెలిగింది. ఫయాజ్‌కు ఆ సంగతి చెప్పి, అమ్మ తరఫున క్షమించమని అడుగుతానని వెంకటేష్ అంటే, ఏమీ అనొద్దంది. శనగలు ఒక సంచి కట్టి, వాడి దుకాణంలో పెట్టి వచ్చెయ్యమంది.

అమృత ఆ గదిలో పని మొదలుపెట్టిన రోజు కమలాక్షమ్మ గడప దగ్గర కాసేపు నిలబడింది. అవతల ఎవరో బాగా కోపంగా ఉన్నట్టున్నారు. అమృత గొంతు పెంచకుండా, తప్పు మాదేనండి, క్షమించండి అని మళ్లీ మళ్లీ అంటోంది. ఫోను పెట్టేశాక కమలాక్షమ్మ లోపలికి వచ్చింది.

"ఆ మాట అంత సుళువుగా ఎట్లంటావమ్మీ?"

"వాళ్లు నాకు కనపడరు కదత్తా," అంది అమృత.

గోడ అవతల నరసింహులు దగ్గు వినిపించింది. కమలాక్షమ్మ ఆ గోడ వైపున్న కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది.